ఇన్‌స్టాలరు కుదిరేదాకా

గోరింటపాడు పురపాలక సంఘంలో జనన మరణాల సెక్షను కంప్యూటరు మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున వెలిగింది. వెలిగించినవాళ్ళకి దాన్ని మళ్ళీ ఆర్పే ఉద్దేశం లేదన్న సంగతి ఆ పూట హైమావతికి తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో గుమ్మడి వడియాలు పెట్టుకునేది.

హైమావతి ఆ సెక్షనులో సీనియర్ అసిస్టెంటు. ఊళ్ళో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ చాలా ఏళ్ళుగా ఆవిడ బల్ల మీదుగానే ప్రభుత్వానికి తెలుస్తున్నారు. ఆ ఏడాది ఆవిడ సొంతంగా ఎదురుచూస్తున్న పుట్టుక ఒకటుంది. కూతురు ప్రసూనకి తొలి కాన్పు. జూన్ మొదట్లో పురుడొస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

"అమ్మా, నన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నువ్వు పక్కనుండాలి. నాన్న మొహం చూస్తే నాకు ఇంకా భయమేస్తుంది" అని ప్రసూన ముందే ఒట్టేయించుకుంది. హైమావతి జూన్ నెలంతా సెలవు కావాలని జనవరిలోనే అర్జీ పెట్టి, మంజూరు చేయించుకుని, నిశ్చింతగా ఉంది.

ఇంతలో పై నుంచి సర్క్యులరు వచ్చింది. ఇకమీదట పురపాలక సంఘాలు డబ్బు పోసి కొనే సిస్టమ్‌లు మానేసి, లైనక్స్ అనే ఉచిత సిస్టమ్‌కి మారాలి. ముందుగా జనన మరణాల సెక్షను మారాలి. దాన్ని మార్చడానికి నిఖిలేష్ అనే కన్సల్టెంటు జేబులో పెన్‌డ్రైవు వేసుకుని వచ్చాడు.

"ఇది లైవ్ సిస్టమ్ సార్" అన్నాడు కమిషనరు మృత్యుంజయరావుగారితో. "ఈ పెన్‌డ్రైవు గుచ్చితే చాలు, కంప్యూటరు దీని మీదే నడుస్తుంది. లోపలున్న డిస్కుని ముట్టుకోదు. వాడి చూసి, నచ్చితే అప్పుడు ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు."

లైవ్ అన్న మాట కమిషనరుగారికి ఎంతగా నచ్చిందంటే, రెండుసార్లు పైకే అనుకున్నారు. పెన్‌డ్రైవు గుచ్చారు. తెర మీద నీలంరంగు ఆకాశం, కింద చిన్న చిన్న బొమ్మలు వచ్చాయి. అటెండరు వీర్రాజు కొబ్బరికాయ కొట్టాడు. ఆ రోజు పుట్టిన ముగ్గురు పిల్లల్ని హైమావతి ఎక్కించింది. ముగ్గురికీ సర్టిఫికెట్లు ప్రింటు చేసి ఇచ్చేసింది కూడా. అంతా అయ్యాక ఆవిడకి ఒక అనుమానం వచ్చింది.

"ఇప్పుడు నేను కొట్టినవన్నీ ఎక్కడున్నాయి బాబూ?"

"మెమరీలో ఉన్నాయి మేడమ్."

"సాయంత్రం ఆపేసి ఇంటికెళ్తే?"

"పోతాయి" అన్నాడు నిఖిలేష్ ఏదో శుభవార్త చెప్పినట్టు నవ్వుతూ. "లైవ్ కదా. అందుకే ఇన్‌స్టాల్ చేసేద్దాం. ఇన్‌స్టాలరని ఒక ప్రోగ్రాముంటుంది. అదే నాలుగు ప్రశ్నలడిగి సిస్టమ్‌ని డిస్కులోకి దింపేస్తుంది. ఇరవై నిమిషాల పని."

కమిషనరుగారు చెయ్యెత్తారు. సర్క్యులరు తీశారు. కళ్ళజోడు పెట్టుకున్నారు.

"పేరా నాలుగు. 'తగిన గ్రాఫికల్ ఇన్‌స్టాలరును ఎంపిక చేసుకొని, తదుపరి స్థాపించవలెను.' ఎంపిక అన్నారు. ఎంపిక అంటే ఒకటికి మించి ఉండాలి. ఒకటికి మించి ఉన్నప్పుడు పోలిక ఉండాలి. పోలిక ఉన్నప్పుడు కమిటీ ఉండాలి."

"బొమ్మలూ బటన్లూ ఉన్న ఇన్‌స్టాలరయితే చాలని వాళ్ళ ఉద్దేశం సార్. ఇందులోనే ఒకటుంది."

"ఉన్నదాన్ని తీసుకోవడం ఎంపిక కాదయ్యా. దాన్ని సర్దుకుపోవడం అంటారు."

"అప్పటిదాకా మరి కొట్టినవి పోతాయి కదండీ" అంది హైమావతి.

మృత్యుంజయరావుగారు ఆవిడవైపు జాలిగా చూశారు. "ఆపితే కదా పోయేది? ఆపకండి."

ఆ ఒక్క ముక్క మీద గోరింటపాడు పురపాలక సంఘం నాలుగు నెలలు నడిచింది.

వేరే పెన్‌డ్రైవులో దాచుకుందామంటే బయటి వస్తువులేవీ గుచ్చకూడదని పేరా ఆరులో ఉంది. ఆ మేరకు కీబోర్డు, మౌసు, ప్రింటరు, నిఖిలేష్ పెన్‌డ్రైవు పెట్టిన కన్నాలు తప్ప మిగిలినవాటిలో లక్క పోసి సీలు వేశారు. డిస్కులోనే ఓ మూల పెడదామంటే, ఇన్‌స్టాలరు ఎంపికయ్యేదాకా డిస్కుని ముట్టుకోవడం కమిటీ అధికారంలో జోక్యం చేసుకోవడమన్నారు. కాబట్టి గోరింటపాడులో ఆ ఏడాది పుట్టిన పిల్లలందరూ విద్యుత్తులో మాత్రమే నిలిచి ఉన్నారు.

విద్యుత్తా, ఎండాకాలమా! ఆఫీసుకున్న ఇన్వర్టరు గంటకి మించి పనిచెయ్యదు. షామియానాల కొట్టు నుంచి పెళ్ళిళ్ళ జనరేటరు ఒకటి అద్దెకి తెచ్చి కిటికీ అవతల పెట్టారు. దానికి చుట్టిన కాగితం పూలు ఎవరూ తీయలేదు. కరెంటు పోయినప్పుడల్లా అది డబడబలాడేది, ఫ్యాన్లు ఆగేవి, దీపాలు ఆరేవి, కమిషనరుగారి గదిలో ఏసీ కూడా ఆగేది. కంప్యూటరు ఒక్కటే వెలుగుతుండేది. దాని ఎదురుగా కూచుని హైమావతి పమిట చెంగుతో విసురుకునేది. పుట్టినరోజు కాగితం కోసం వచ్చినవాళ్ళు, చంకలో పిల్లల్ని ఆ తెర వెలుగులో చూసుకునేవారు.

ఒకరోజు ఆవిడ మంచినీళ్ళకి వెళ్ళొచ్చేసరికి తెర నల్లగా ఉంది. వీర్రాజు గట్టిగా అరిచాడు. కమిషనరుగారు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చారు. హైమావతి చెయ్యి తగిలి మౌసు కదిలేసరికి నీలాకాశం మళ్ళీ కనిపించింది.

"పది నిమిషాలు ముట్టుకోకపోతే నిద్రపోతుంది సార్" అన్నాడు నిఖిలేష్ ఫోనులో. "సెట్టింగుల్లో ఒకటి మారిస్తే ఇక నిద్రపోదు."

"సెట్టింగు మార్చడం స్థాపన కిందికి వస్తుందా, రాదా?"

"అంటే సార్, కొందరు వస్తుందంటారు, కొందరు..."

"అభిప్రాయభేదం ఉన్నచోట ముట్టుకోకపోవడమే పరిపాలన" అని కమిషనరుగారు ఫోను పెట్టేసి, ఆ మధ్యాహ్నమే ఒక ఉత్తర్వు ఇచ్చారు. "సదరు యంత్రమును నిరంతరము జాగృతావస్థయందు ఉంచుటకై శ్రీమతి హైమావతిగారిని జాగృత అధికారిణిగా నియమించడమైనది. సదరు అధికారిణి పది నిమిషములకు ఒకమారు మౌసును స్వల్పముగా కదపవలెను. అధికముగా కదపరాదు." రాత్రిళ్ళు ఆ పని వీర్రాజుది. అతను చాప తెచ్చుకున్నాడు.

హైమావతి కుడిచేత్తో అన్నం తింటూ ఎడంచేత్తో మౌసు కదపడం నేర్చుకుంది. రెండు వారాలయ్యేసరికి ఇంట్లో బీరకాయ చెక్కు తీస్తున్నప్పుడు కూడా ఎడంచెయ్యి ఉండుండి పక్కకి జరిగేది.

"ఏంటే అది, చీమలేమన్నా పాకుతున్నాయా?" అని అడిగాడు భర్త భీమేశ్వర్రావు.

"ఊళ్ళో పిల్లలు పోకుండా చూస్తున్నానండీ."

ఆయనకి అర్థం కాలేదు. రిటైరైన లెక్కల మాస్టారు. అర్థంకానివాటిని వదిలేయడం ఆయనకి మొదటినుంచీ రాదు కాబట్టి, రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ అడిగాడు. అంతా విన్నాక, "మరి ఆ కమిటీవాళ్ళు తొందరగా తేల్చొచ్చుగా?" అన్నాడు.

తేల్చడానికి కమిటీ ఉగాది వెళ్ళాక కూచుంది. కంప్యూటరు కళ్ళెదురుగా ఉంటే బాధ్యత గుర్తుంటుందని సమావేశాలు హైమావతి గదిలోనే పెట్టారు. అధ్యక్షులు కమిషనరుగారు. సభ్యులు టౌన్ ప్లానింగు ఆఫీసరు గజపతిగారూ, ఇంకో నలుగురూ. ఆ నలుగురూ టీ వచ్చేదాకా ఉండి, టీ తాగి, ఏకీభవించి వెళ్ళేవారు. నిఖిలేష్ తన లాప్‌టాప్‌లో మూడు ఇన్‌స్టాలర్లు తెచ్చి ఒక్కొక్కటే చూపించాడు.

మొదటిది ఒక్కో తెరకి ఒక్కో ప్రశ్న అడిగి 'తరువాత' అనే బటన్ చూపిస్తుంది. రెండోది ఎడమపక్క మెట్లు గీసి ఏ మెట్టు మీద ఉన్నామో చెబుతుంది. మూడోది ప్రశ్నలన్నీ ఒకేచోట పరిచి ఏ వరసలోనైనా చెప్పమంటుంది. మగవాళ్ళు చీరల కొట్టుకి వెళితే ఎలా ఉంటుందో హైమావతికి తెలుసు. ఒకటి అంచు బాగోలేదంటారు, ఒకటి మరీ ముదురంటారు, చివరికి మొదటి చీరే మళ్ళీ చూపించమంటారు. ఇక్కడా అంతే జరిగింది. కాకపోతే కొట్టువాడు చీరలు మడిచి లోపల పెట్టేస్తాడు, నిఖిలేష్‌కి ఆ స్వేచ్ఛ లేదు.

"ఈ మూడోదాంట్లో ఏ ప్రశ్నకి ముందు జవాబు చెప్పాలో అది చెప్పదా?" అన్నారు కమిషనరుగారు.

"మీ ఇష్టం సార్. ఎలాగైనా చెప్పొచ్చు."

"ఎలాగైనా చేయగలిగింది ప్రభుత్వంలో ఎవరూ చెయ్యరు. తీసెయ్యండి."

మిగిలిన రెండింటిలో మొదటిది ప్రపంచపటం చూపించి మీరెక్కడున్నారని అడిగింది. కమిషనరుగారు గోరింటపాడు ఎక్కడుంటుందో ఊహించి వేలు పెట్టి చూపించారు. నిఖిలేష్ అక్కడ నొక్కాడు. తెర మీద 'కోల్‌కతా' అని వచ్చింది.

"ఇదేంటి?"

"టైము కోసం సార్. ఇండియా మొత్తానికి కోల్‌కతాయే వస్తుంది."

"నేను గోరింటపాడు పురపాలక కమిషనరునయ్యా. ఈ సంఘం కోల్‌కతాలో ఉందని నేను సంతకం ఎలా పెట్టను? రేపు ఆడిట్‌వాళ్ళు వచ్చి, కోల్‌కతాలో పుట్టిన పిల్లలకి గోరింటపాడు సర్టిఫికెట్లు ఎందుకిచ్చారంటే?"

రెండోదాన్ని అడిగారు. అది కూడా కోల్‌కతాయే అంది. ప్రపంచపటంలో గోరింటపాడు చేర్చవలసిందిగా ప్రపంచాన్ని కోరుతూ ఒక తీర్మానం చేసి, ఎవరికి పంపాలో తెలియక ఫైల్లో పెట్టారు. కమిటీ రెండు వారాలు వాయిదా పడింది.

మళ్ళీ కూచున్నప్పుడు మాట డిస్కు దగ్గరికి వచ్చింది. డిస్కుని రెండు భాగాలు చేసి ఒకదాంట్లో సిస్టమ్, ఇంకోదాంట్లో ఫైళ్ళు పెడతానన్నాడు నిఖిలేష్. అంతదాకా కునికిపాట్లు పడుతున్న గజపతిగారు కళ్ళు తెరిచారు.

"భాగాలు చేస్తారా? ఎవరి పర్మిషనుతో?"

"ఇది ఇన్‌స్టాలరే చేస్తుంది సార్."

"ఇన్‌స్టాలరెవరండీ చెయ్యడానికి? పురపాలక సంఘం ఆస్తిలో ఖాళీ స్థలాన్ని భాగాలు చేస్తే దాన్ని లేఅవుటంటాం. లేఅవుటుకి నా సంతకం కావాలి. పదోవంతు పార్కుకి వదలాలి. ముప్ఫై అడుగుల రోడ్డుండాలి."

"డిస్కులో రోడ్డెందుకు సార్?"

"రోడ్డు లేకుండా ఫైళ్ళు ఎలా వస్తాయి, ఎలా పోతాయి? ఎగిరొస్తాయా?"

నిఖిలేష్ హైమావతి వైపు చూశాడు. హైమావతి మౌసు స్వల్పముగా కదిపింది.

గజపతిగారు ప్లాను తానే గీస్తానన్నారు. గీశారు కూడా. డిస్కు గుండ్రంగా ఉంటుందని ఎవరో చెప్పగా వృత్తలేఖినితో చక్కటి గుండ్రం గీసి, పార్కు ఈశాన్యంలో పెట్టి, బరువైన ఫైళ్ళకి నైరుతి కేటాయించారు. తిరిగేదానికి ఈశాన్యం ఎటుంటుందన్న ధర్మసందేహం కమిషనరుగారికి వచ్చింది. కిటికీవైపు ఉత్తరమని తీర్మానించి, ఆ రోజునుంచి కంప్యూటరుని అంగుళం కూడా జరపకూడదన్నారు. ఊడ్చే నూకాలమ్మకి ఆ బల్ల కింద చీపురు పెట్టడం నిషేధం కాబట్టి, బల్ల కింద వైశాఖమాసపు దుమ్ముతో పాటు హైమావతి పోగొట్టుకున్న పిన్నీసు కూడా ప్రభుత్వ రక్షణలోకి వెళ్ళిపోయింది.

మే నెలాఖరుకి ఒక్క ఇన్‌స్టాలరే మిగిలింది. కమిటీ దాని చివరి ప్రశ్నలదాకా వచ్చింది. అది వాడేవారి పేరు అడిగింది. వాడేది హైమావతి, పెట్టింది కమిషనరుగారి పేరు. తరువాత పాస్‌వర్డు అడిగింది. కమిషనరుగారు అందర్నీ అటు తిరగమని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ మళ్ళీ తన పేరే కొట్టారు. దాని కింద ఎర్రగా ఒక మాట వచ్చింది.

గజపతిగారు తిరగకుండా ఉండలేకపోయారు. "బలహీనం" అని పైకి చదివారు.

వీర్రాజు టీ గ్లాసులు చప్పుడు కాకుండా సర్దుకుని బయటికి పోయాడు.

"ఈ ఇన్‌స్టాలరుకి స్థానిక పరిస్థితుల మీద అవగాహన లేదు" అన్నారు మృత్యుంజయరావుగారు మెల్లగా. "మొదటినుంచి మళ్ళీ చూద్దాం."

ఆ రాత్రి హైమావతి ప్రసూన కాళ్ళకి నూనె రాస్తూ ఏమీ చెప్పలేదు. పిల్ల కాళ్ళు బాగా నీరు పట్టి ఉన్నాయి. "ఒకటో తారీకునుంచి నీకు సెలవేగా అమ్మా?" అని అడిగితే, "సెలవే" అంది.

మర్నాడు సెలవు సంగతి కమిషనరుగారికి గుర్తు చేసింది.

"మీ సెలవు రద్దు చేయలేదండీ. వాయిదా వేశాను. ఇన్‌స్టాలరు కుదిరేదాకా."

"మా అమ్మాయి పురుడు వాయిదా పడదు కదండీ."

"మీ స్థానంలో ఎవర్ని పెట్టమంటారు? జాగృత అధికారిణిగా నాలుగు నెలల అనుభవం ఈ జిల్లాలో మీకొక్కరికే ఉంది."

"మౌసు కదపడమేగా సార్. ఎవరైనా కదుపుతారు."

"అధికంగా కదిపితే?" అన్నారు కమిషనరుగారు.

ఇన్‌స్టాలరు కుదిరితే తన సెలవు వస్తుందన్న ఆశ ఆవిడకి ఇంకా కొంచెం ఉండేది. అది కూడా ఆ వారంలో పోయింది. ఎందుకంటే జిల్లా కేంద్రంలో జరిగిన ఒక మీటింగులో, గోరింటపాడు కంప్యూటరు నాలుగు నెలలుగా ఒక్క క్షణం ఆగకుండా నడుస్తోందని మృత్యుంజయరావుగారు మాటవరసకి అన్నారట. పెద్దవాళ్ళు ఆశ్చర్యపోయారట. 'నిరంతర సేవ' అని దానికి పేరు పెట్టి, ఒక శాలువా, ఒక జ్ఞాపిక ఇచ్చి, మిగతా సంఘాలవాళ్ళు వెళ్ళి చూసి రావాలని చెప్పారు. ఆ శాలువా తెచ్చి కమిషనరుగారు కంప్యూటరు మీద కప్పారు. గాలాడక అది వేడెక్కుతుంటే హైమావతి తీసి కుర్చీకి వేసింది.

ఇక చూడటానికి బృందాలు రావడం మొదలైంది. పక్క ఊరి కమిషనర్లు, ఇంజనీర్లు బస్సులేసుకుని వచ్చి, నీలాకాశం ముందు నిలబడి ఫొటోలు దిగేవారు. "ఎలా సాధించారండీ?" అని అడిగేవారు. "నిద్ర లేకుండా" అనేవారు కమిషనరుగారు.

కమిటీ ఫైలు అలమరలోకి వెళ్ళిపోయింది. "ఇన్‌స్టాలరు సంగతేంటి సార్?" అని నిఖిలేష్ అడిగితే, "ఇన్‌స్టాల్ చేస్తే రీస్టార్టు చెయ్యాలి కదయ్యా?" అన్నారు.

"చెయ్యాలి సార్."

"రీస్టార్టు చేస్తే నిరంతరం అనిపించుకోదు" అని ఆయన పెదవి విరిచారు. నిఖిలేష్ తన లాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు.

జూన్ రెండో వారంలో, పదకొండు గంటలవేళ భీమేశ్వర్రావు ఫోను చేశాడు. ఆ సమయానికి గదిలో కొత్త బృందమొకటి ఉంది. కమిషనరుగారు వాళ్ళకి జనరేటరు చూపించి, కాగితం పూల ప్రాముఖ్యం వివరిస్తున్నారు.

"నొప్పులొస్తున్నాయే. ఆటోలో ఆస్పత్రికి తెచ్చేశాను. నిన్నే అడుగుతోంది. నాకు చేతులూ కాళ్ళూ ఆడట్లేదు."

హైమావతి లేచి నిలబడింది. "సార్, మా అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళారంట. నేను వెళ్ళాలి."

"వీర్రాజుని రానివ్వండి, చూద్దాం."

"వీర్రాజు డీజిలు కోసం వెళ్ళాడు సార్. ఆ బంకు దగ్గర లైనుంటే సాయంత్రమవుతుంది."

మృత్యుంజయరావుగారు బృందంవైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నారు. వాళ్ళు కూడా నేర్చుకోవాలన్న ఉద్దేశంతో కొంచెం గట్టిగానే చెప్పారు. "హైమావతిగారూ, కాన్పనేది ప్రకృతి. దానికి మీ అవసరం లేదు. ఇది పరిపాలన. దీనికి ఉంది." బృందంలో ఒకాయన ఆ మాట రాసుకున్నాడు.

తర్వాత అందరూ కౌన్సిల్ హాల్లో భోజనాలకి కదిలారు. పూర్ణాలూ, పులిహోరా చేయించారు. వెళుతూ వెళుతూ గజపతిగారు తలుపు దగ్గర ఆగి, "మీక్కూడా ఆకు పంపిస్తానమ్మా, ఎడంచేత్తో కానిస్తారుగా" అన్నారు ప్రేమగానే.

గదిలో హైమావతీ, కంప్యూటరూ మిగిలారు. ఆవిడ అలవాటుకొద్దీ మౌసు కదిపింది. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ప్రసూనే.

"అమ్మా, ఎక్కడున్నావే?"

ఆ గొంతు ఏడేళ్ళప్పుడు పెంకు తగిలి కాలు తెగితే పిలిచిన గొంతులాగే ఉంది.

"బయల్దేరానమ్మా" అంది హైమావతి. అన్నాక ఇక బయల్దేరక తప్పలేదు.

సంచీ భుజాన వేసుకుంది. తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. ఇలా వదిలి వెళితే పది నిమిషాలకి అది నిద్రపోతుంది, ఎవరో కేకలేస్తారు, మళ్ళీ ఎవరో మౌసు కదుపుతారు, రేపు తను వచ్చి ఇదే కుర్చీలో కూచోవాలి. ఎల్లుండి కూడా. మనవడో మనవరాలో పుట్టి, పాకి, నడిచి, బడికెళ్ళేదాకా. హైమావతి వెనక్కి వచ్చి నిలబడే మౌసు పట్టుకుంది. ఈసారి అధికముగా కదిపింది. తెర మూలనున్న చిన్న బొమ్మ దాకా తీసుకెళ్ళి నొక్కింది.

తెర మధ్యలో చిన్న గడి వచ్చింది. 'సిస్టమ్‌ను ఆపివేయబోతున్నారు. మీకు సమ్మతమేనా?'

నాలుగు నెలల్లో ఆ ఆఫీసులో ఆవిడ సమ్మతం అడిగింది అదొక్కటే. హైమావతికి దాని మీద కొంచెం అభిమానం కలిగింది. 'అవును' అని నొక్కింది. పెన్‌డ్రైవు తీసి, ఎంటరు నొక్కమని అది మర్యాదగా చెప్పింది. తీసింది, నొక్కింది. నీలాకాశం ఆరిపోయింది. ఎప్పుడూ వినపడే సన్నటి రొద ఆగిపోతే గదిలో బల్లి అరవడం వినిపించింది.

ఆవిడ ఆటో దిగేసరికి ప్రసూనని ఇంకా లోపలికి తీసుకెళ్ళలేదు. "వచ్చావా" అంది ప్రసూన, పళ్ళ బిగువున. చెయ్యి పట్టుకుంటే నలిపేసింది. కుడిచెయ్యో ఎడంచెయ్యో హైమావతి చూసుకోలేదు. దీపాలు పెట్టేవేళకి ఆడపిల్ల పుట్టింది. వరండాలో భీమేశ్వర్రావు గోడవైపు తిరిగి ఎక్కాలు చదువుకుంటున్నాడు. పదమూడో ఎక్కం దగ్గర పిల్ల ఏడుపు విని ఆగిపోయాడు.

ఆఫీసులో జరిగింది హైమావతికి తరువాత వీర్రాజు ఆస్పత్రికి వచ్చి చెప్పాడు.

"భోజనాలు చేసి అందరూ ఒచ్చారండి మేడంగారూ. తెర నల్లగా ఉందండి. కమిషనరుగారు మౌసు కదిపారండి. రాలేదండి. ఇంకాస్త కదిపారండి. గజపతిగారు కూడా కదిపారండి."

"అప్పుడేమన్నారు?"

"ఆ ఒచ్చినాళ్ళతో, ఇది మౌనస్థితి అన్నారండి. నాలుగు నెలల సేవ తరవాత దీనికి సహజంగా ఒస్తుందన్నారు. ఆళ్ళు చప్పట్లు కొట్టి ఎల్లిపోయారండి. ఆ తరవాత కమిషనరుగారు కుర్చీలో కూలబడిపోయారండి, ఆయ్."

నాలుగు నెలల పిల్లలూ, నాలుగు నెలల చావులూ పోయాయి. ఊళ్ళో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. కాగితాలు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉన్నాయి, పిల్లలు వాళ్ళ చంకల్లోనే ఉన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చిన స్లిప్పులన్నీ తారీకు ముద్రలతో సహా బీరువాలో ఉన్నాయి కాబట్టి, కూచుని మళ్ళీ కొడితే వారం పని. అయితే పుట్టిన వరసలో కొట్టాలా, స్లిప్పులు వచ్చిన వరసలో కొట్టాలా అన్నది విధానపరమైన నిర్ణయమని, దానికొక ఉపసంఘం వేశారు.

మూడోరోజు హైమావతిని ఆఫీసుకి పిలిపించారు. ముందస్తు అనుమతి లేకుండా యంత్రాన్ని ఎందుకు ఆపవలసి వచ్చిందో సంజాయిషీ ఇమ్మన్నారు. ఆవిడ నిలబడే రాసిచ్చింది. 'సమ్మతమేనా అని యంత్రం అడిగినది. సమ్మతమే అని చెప్పితిని.'

మృత్యుంజయరావుగారు అది మూడుసార్లు చదివారు. అందులో తప్పు పట్టాలంటే యంత్రం అడగడాన్ని తప్పు పట్టాలి. యంత్రం అడగడాన్ని తప్పు పట్టాలంటే దాన్ని ఎంపిక చేసినవాళ్ళెవరో తేల్చాలి. అసలు మొన్న ఏదీ ఆగలేదని, మౌనస్థితికి వెళ్ళిందని ఆయన పైకి రాసి పంపేశారు కూడా.

"మీ సెలవు..." అన్నారు చివరికి.

"ఆ రోజే మొదలైందండీ."

"అయితే ఛార్జి ఎవరికిస్తున్నారు?"

హైమావతి గదిలోకి చూసింది. నిఖిలేష్ మళ్ళీ పెన్‌డ్రైవు గుచ్చి వెలిగించినట్టున్నాడు. నీలాకాశం ఏమీ ఎరగనట్టు, మాఘమాసపు మంగళవారంలాగా వెలుగుతోంది. దాని ముందు గజపతిగారు కూచుని, వాచీ చూసుకుంటూ మౌసు కదుపుతున్నారు.

"ఆయన బాగానే కదుపుతున్నారండీ" అంది. "ఒక్క నిమిషం లేవమనండి. నాదొక ఎంట్రీ ఉంది."

ఆస్పత్రి స్లిప్పు సంచీలోంచి తీసింది. తల్లి పేరు, తండ్రి పేరు, తారీకు కొట్టింది. బిడ్డ పేరు దగ్గర ఆగింది. పొద్దున్న వియ్యంకుడూ వియ్యపురాలూ దిగారు. వచ్చీ రావడంతో మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని నక్షత్రం, మొదటి అక్షరం, అటువైపు ముత్తవ్వ పేరు అంటూ మొదలెట్టారు. భీమేశ్వర్రావు తెల్లకాగితం తీసుకుని నిలువుగీతలు కొట్టి, ప్రతి పేరుకీ మార్కులు వేద్దామంటున్నాడు. బారసాలకైనా తేలేలా లేదు.

హైమావతి ప్రసూనకి ఫోను చేసింది.

"నీకేం పేరు ఇష్టమే?"

"అందరూ ఇంకా మాట్లాడుకుంటున్నారమ్మా."

"వాళ్ళని మాట్లాడుకోనీ. నువ్వు చెప్పు."

పక్కన పిల్ల కుయ్యిమంది. "సుమేధ" అంది ప్రసూన చిన్నగా, గదిలో ఎవరికీ వినపడకుండా.

హైమావతి కొట్టేసింది. సర్టిఫికెట్టు ప్రింటరులోంచి వెచ్చగా వచ్చింది. నమోదు సంఖ్య దగ్గర ఒకటి అని ఉంది. గోరింటపాడులో ఆ ఏడాది పుట్టిన వాళ్ళెందరని ఆ సాయంత్రం ప్రభుత్వంలో ఎవరైనా అడిగితే, ఒక్కతేనండీ, సుమేధని, అని చెప్పాల్సిన పరిస్థితి. ఆవిడ కాగితం మడిచి సంచీలో వేసుకుని లేచింది.

"కూచోండి సార్" అంది గజపతిగారితో. "తొమ్మిది నిమిషాలైంది."